విశ్వాసం నలుగురిలో కనబడాలంటే: ఏది చూపాలి, ఏది దాచాలి?

లెక్కలమనిషి:

సహోదరీ సహోదరులందరికీ ప్రభువు నామమున వందనాలు. చాలాకాలంగా నన్ను వదలని ఒక ప్రశ్నను మీ ముందుంచుతున్నాను. మనుష్యులు మన సత్క్రియలను చూచి పరలోకమందున్న తండ్రిని మహిమపరచేలా మన వెలుగును ప్రకాశింపనియ్యాలని మత్తయి 5:16 చెబుతోంది. అదే కొండమీది ప్రసంగంలో కొంత ముందుకు వెళ్తే, మనుష్యులకు కనబడాలని వారి ఎదుట నీతికార్యం చేయవద్దని మత్తయి 6:1 హెచ్చరిస్తోంది. రెండూ ప్రభువు మాటలే కాబట్టి ఒకదాన్ని పట్టుకొని మరొకదాన్ని విడిచిపెట్టడం కుదరదు.

నేను ఒక సంస్థలో లెక్కల విభాగంలో పని చేస్తున్నాను. నేను విశ్వాసినని నా తోటివారికి తెలుసు. అయితే అది నా పేరును బట్టి, నా బల్ల మీద ఉన్న వాక్యపు పటాన్ని బట్టి తెలిసిన సంగతే తప్ప నా నడవడిని బట్టి తెలిసినది అవునో కాదో నేను చెప్పలేను. భోజనానికి ముందు తలవంచి ప్రార్థించడం, వాక్యాన్ని కంటికి కనబడేచోట పెట్టుకోవడం వంటివి సాక్ష్యమా, ప్రదర్శనా? అసలు మనలో ఏది కనబడాలని ప్రభువు కోరుతున్నాడు? అనుభవం ఉన్నవారు, వాక్యాన్ని లోతుగా చదివినవారు దయచేసి చెప్పండి.

వాక్యధ్యాని:

లెక్కలమనిషి గారికి వందనాలు. ఈ రెండు వచనాలను విడివిడిగా చదివితేనే అవి ఢీకొన్నట్టు కనిపిస్తాయి. ప్రసంగాన్ని ఒక్క పట్టున మొదటినుండి చివరివరకు చదివి చూడండి.

ఆరవ అధ్యాయంలో ప్రభువు రహస్యంగా చేయమన్నవి మూడు: ధర్మం చేయడం, ప్రార్థించడం, ఉపవాసం ఉండడం. ఈ మూడింటికీ ఒక సామ్యం ఉంది. ఇవి చేసేవాడికి భక్తుడన్న పేరు తెచ్చిపెట్టే పనులు. వీటిని చూసినవారు చేసినవాణ్ణి మెచ్చుకుంటారు, ఆ మెప్పుతోనే అతనికి రావలసిన ఫలం తీరిపోతుంది. ఐదవ అధ్యాయంలో వెలుగును గురించి చెప్పిన వెంటనే ప్రభువు వరుసగా బోధించినవి వేరు. కోపాన్ని విడిచిపెట్టాలి. బలిపీఠం దగ్గర అర్పణ అర్పించబోతూ, సహోదరునికి మన మీద విరోధం ఉన్నదని జ్ఞాపకం వస్తే, అర్పణను అక్కడే విడిచి వెళ్లి మొదట అతనితో సమాధానపడాలి. ఒట్టు పెట్టకుండానే మన అవును అవునుగా, కాదు కాదుగా ఉండాలి. ఒక మైలు రమ్మని బలవంతం చేసినవానితో రెండు మైళ్లు నడవాలి. శత్రువును ప్రేమించాలి.

గమనించండి, వీటిలో ఏదీ మెప్పు కోరేవాడు చేసే పని కాదు. బలిపీఠం ముందు నుండి లేచి, తన మీద విరోధం ఉన్నవాడి ఇంటికి వెళ్లేవాడికి ఆ క్షణంలో గౌరవం పెరగదు, తగ్గుతుంది. అయినా ఆ పని తప్పకుండా ఒకరికి కనబడుతుంది, ఎందుకంటే అది మరొక మనిషి ఎదుటే జరగాలి. నేను అర్థం చేసుకున్నంతలో, వెలుగు అంటే ఇదే. మన భక్తి దేవునికీ మనకూ మధ్య ఉండవచ్చు, కానీ మన క్షమ, మన నిజాయితీ, మన సహనం ఇతరుల మీదుగా వెళ్లక తప్పదు కనుక అవి దాగవు.

చరిత్రాసక్త:

వాక్యధ్యాని గారి వివరణకు చరిత్రలో ఒక బలమైన ఆధారం ఉంది. సుమారు క్రీ.శ. 112లో బితునియ, పొంతు ప్రాంతాలను (నేటి టర్కీ ఉత్తర భాగం) పాలించిన రోమా అధికారి ప్లినీ, చక్రవర్తి ట్రాజన్‌కు క్రైస్తవులను గురించి ఒక ఉత్తరం రాశాడు. అతడు వారిని విచారించి శిక్షిస్తున్నవాడే గాని వారికి మిత్రుడు కాడు. ఆ విచారణలో, గతంలో విశ్వాసులుగా ఉండి విడిచిపెట్టిన కొందరు చెప్పిన మాటలను అతడు నమోదు చేశాడు: వారు నిర్ణీత దినాన తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవునిగా కీర్తిస్తూ పాడేవారు, దొంగతనం, దోపిడీ, వ్యభిచారం చేయబోమని, ఇచ్చిన మాట తప్పబోమని, తమ దగ్గర దాచిన సొమ్మును అడిగినప్పుడు తిరిగి ఇవ్వకుండా ఉండబోమని ప్రమాణం చేసేవారు.

ఆ చివరి అంశాన్ని లెక్కలమనిషి గారు ప్రత్యేకంగా గమనించాలని కోరుతున్నాను. తొలి తరాల విశ్వాసులు కూడి ప్రమాణం చేసుకున్న కొద్ది విషయాలలో ఇతరుల సొమ్ము విషయం ఒకటి. మరొక సంగతి ఏమిటంటే, పేతురు మొదటి పత్రిక ఆరంభ వచనంలో పేర్కొన్న ప్రాంతాలలో పొంతు, బితునియ రెండూ ఉన్నాయి. అన్యజనులు మిమ్మల్ని దుర్మార్గులని దూషించినా మీ సత్క్రియలను చూచి దేవుణ్ణి మహిమపరచాలి అని 2:12లో చదివిన ప్రాంతపు సంఘాల గురించే ప్లినీ రాశాడు.

ఇంకొక సాక్ష్యం మరింత విలువైనది, ఎందుకంటే అది బహిరంగ ప్రత్యర్థి నుండి వచ్చింది. క్రీ.శ. 362లో రోమా చక్రవర్తి జూలియన్ పాత దేవతల ఆరాధనను పునరుద్ధరించాలని పూనుకొని, గలతీయలోని ప్రధాన పూజారి అర్సాకియస్‌కు ఉత్తరం రాశాడు. క్రైస్తవుల మతం వ్యాపించడానికి కారణాలుగా అతడు పరదేశుల పట్ల వారి ఆదరణను, చనిపోయినవారి సమాధుల విషయంలో వారి శ్రద్ధను, వారి జీవితపు పవిత్రతను పేర్కొన్నాడు. ఆ పవిత్రత నటన అని అతని అభిప్రాయం. అయినప్పటికీ, ఆ గలిలయులు (క్రైస్తవులను అతడు అలా పిలిచేవాడు) తమ పేదలనే గాక మన పేదలను కూడా పోషిస్తుండగా మనవారికి మననుండి సహాయం లేదని అంగీకరించి, ప్రతి పట్టణంలో సత్రాలు కట్టించమని ఆజ్ఞాపించాడు. మహమ్మారి రోజుల్లో విశ్వాసులు రోగులకు చేసిన సేవను అలెక్సంద్రియ బిషప్ దియొనీసియస్ కూడా వర్ణించాడు గాని అది మనవారు మనగురించి చెప్పుకున్న మాట. ద్వేషించేవాడు ఒప్పుకున్న మాటకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

తలుపుచాటు:

చర్చ చక్కగా సాగుతోంది, కానీ నా మనసులోని అభ్యంతరాన్ని చెప్పకుండా ఉండలేను. తన విశ్వాసాన్ని కనబరచే మనిషి ఎవరు, అతని చేతిలో ఎంత అధికారం ఉంది అన్న సంగతిని ఇంతవరకు ఎవరూ ప్రస్తావించలేదు. ఒక గుమస్తా తన బల్ల మీద వాక్యం పెట్టుకుంటే అది అతని స్వంత విషయం. అదే వాక్యం పై అధికారి గది గోడ మీద ఉంటే, కింద పనిచేసేవారు దాన్ని మరో విధంగా చదువుతారు. ఆయనను మెప్పించాలంటే భక్తిగా కనబడాలని వారు అనుకుంటారు. కొందరు లేని భక్తిని నటిస్తారు, కొందరు తమ సొంత విశ్వాసాన్ని దాచుకుంటారు, అర్హత ఉండి కూడా వెనుకబడినవాడు తన మతమే అందుకు కారణమేమోనని సందేహిస్తాడు. ఇలాంటి చోట పని చేసినందువల్లే నేను తలుపు వేసుకొని ప్రార్థించమన్న ఆజ్ఞను ఎక్కువగా ప్రేమిస్తాను.

విశ్వాసాన్ని దాచమని నేను అనడం లేదు. మనం కనబరచేది ఎదుటివాడి మీద బరువుగా పడుతోందా, లేక అతని బరువును తగ్గిస్తోందా అని ప్రతిసారీ మనల్ని మనం ప్రశ్నించుకోవాలని మాత్రమే అంటున్నాను.

యువవిశ్వాసి:

అస్సీసీకి చెందిన సన్యాసి ఫ్రాన్సిస్ చెప్పినట్టు, ఎల్లప్పుడూ సువార్త ప్రకటించండి, అవసరమైతేనే మాటలు వాడండి. ఈ చర్చకు ఇదే సరైన జవాబని నాకు అనిపిస్తోంది.

చరిత్రాసక్త:

తమ్ముడూ, ఆ మాట ఫ్రాన్సిస్ రచనల్లో ఎక్కడా లేదు. సహోదరులందరూ తమ క్రియల ద్వారా ప్రకటించాలని 1221 నాటి ఆయన నియమావళిలో ఉన్న మాట వాస్తవమే. అయితే ఆయన స్వయంగా ఊరూరా తిరిగి నోటితో ప్రకటించినవాడు. అందుచేత క్రియలను మాటలకు బదులుగా నిలబెట్టడానికి ఆయన పేరు వాడడం సరికాదు. మనలోని నిరీక్షణకు హేతువు అడిగే ప్రతివానికి సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండాలని, అది సాత్వికంతో, భయంతో చెప్పాలని 1 పేతురు 3:15 చెబుతుంది. అడిగే మనిషి లేకుండా ఆ వచనం లేదు. ముందు మన బ్రతుకు అతని చేత ప్రశ్న వేయించాలి, తరువాత మన నోరు దానికి జవాబు చెప్పాలి.

ఇద్దరుబిడ్డలతల్లి:

అందరూ పనిస్థలం గురించే మాట్లాడుతున్నారు గనుక నేను ఇంటి గురించి చెబుతాను. సంఘంలో మనల్ని వారానికి కొన్ని గంటలు చూస్తారు, కార్యాలయంలో జాగ్రత్తగా ఉన్నప్పుడు చూస్తారు, కానీ పిల్లలు మనం అలసిపోయి విసుగ్గా ఉన్నప్పుడు చూస్తారు. తిమోతిలోని నిష్కపటమైన విశ్వాసం మొదట అతని అవ్వయైన లోయిలోనూ తల్లియైన యునీకేలోనూ ఉన్నదని పౌలు రాశాడు. వారిద్దరూ ప్రసంగించినట్టుగాని అద్భుతం చేసినట్టుగాని ఎక్కడా రాయబడలేదు. ఒక ఇంట్లో రెండు తరాలు జీవించిన తీరు మూడవ తరానికి అందింది, అంతే.

పిల్లల ఎదుట కనబడవలసిన వాటిలో అన్నిటికంటే కష్టమైనది వారిని క్షమాపణ అడగడం. కుటుంబ ప్రార్థన క్రమం తప్పని ఇళ్లలో కూడా, తండ్రి గాని తల్లి గాని బిడ్డ ముందు నిలబడి, నేను నీతో అన్యాయంగా మాట్లాడాను, నన్ను క్షమించు అని చెప్పడం అరుదు. అధికారం తగ్గిపోతుందని భయపడతారు. మీ పిల్లలు క్రుంగకుండునట్లు వారికి కోపం పుట్టించకండి అని కొలొస్సయులకు 3:21లో పౌలు తండ్రులకు చెప్పిన మాట సంఘంలో తరచుగా చదివించవలసినది. పశ్చాత్తాపం అంటే ఏమిటో పెద్దవాళ్ల ముఖంలో ఒక్కసారి చూసిన బిడ్డకు ఆ పాఠాన్ని మళ్లీ విడమరచి చెప్పవలసిన పని ఉండదు.

భర్త అవిశ్వాసి అయినప్పుడు భార్య వాక్యం లేకుండానే తన ప్రవర్తనతో అతన్ని గెలవవచ్చని 1 పేతురు 3లో ఉంది. ఆ మాటను దెబ్బలు ఓర్చుకోమని అర్థం చెప్పేవారున్నారు. అది ఆ వచనం చెప్పేది కాదు, ప్రమాదంలో ఉన్న స్త్రీకి ముందు కావలసింది భద్రత అని నేను స్పష్టంగా చెప్పదలచాను.

లెక్కలమనిషి:

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. తలుపుచాటు గారి మాట నన్ను చాలా ఆలోచింపజేసింది. ఇప్పుడు నా అసలు ఇబ్బందిని చెబుతాను. మా దగ్గర సంవత్సరాంతంలో కొన్ని బిల్లులను వేరే తేదీతో నమోదు చేయమని అడగడం అలవాటు. అందరూ చేస్తారు, ఎవరి జేబులోకీ డబ్బు పోదు, లెక్కలు మాత్రం బాగున్నట్టు కనిపిస్తాయి. ఈసారి నేను సంతకం చేయకూడదని అనుకుంటున్నాను. నేను క్రైస్తవుణ్ణి గనుక చేయను అని చెప్పాలా? అలా చెబితే మిగిలినవారందరూ నీతి లేనివారని నేను అన్నట్టు అవుతుందేమోనని భయంగా ఉంది.

విశ్రాంతోద్యోగి:

బాబూ, నీ భయం సరైనదే, నీ నిర్ణయం కూడా సరైనదే. ఉద్యోగ జీవితంలో నేను ఎక్కువసార్లు తెరిచి చదివింది దానియేలు గ్రంథం. మొదటి అధ్యాయంలో, బబులోను రాజు కొలువుకు చెరపట్టి తెచ్చిన దానియేలు రాజు భోజనంతో తన్ను అపవిత్రపరచుకోకూడదని ముందుగా మనసులో నిశ్చయించుకున్నాడు. ఆ తరువాత ఎవరినీ నిందించలేదు, నపుంసకుల యధిపతిని మర్యాదగా వేడుకున్నాడు. ఆ అధిపతి రాజుకు భయపడినప్పుడు, దానియేలు తమ మీద నియమింపబడిన నియామకుని దగ్గరికి వెళ్లి 10 దినాలు పరీక్షించి చూడమని ఒక మార్గం సూచించాడు. నిశ్చయం గట్టిది, మాట మెత్తనిది, చేతిలో ప్రత్యామ్నాయం సిద్ధంగా ఉంది. ఆరవ అధ్యాయానికి వచ్చేసరికి, రాజ్యపాలన విషయంలో అతని మీద ఏ నేరమూ మోపలేక శత్రువులు అతని దేవుని విషయానికే రావలసి వచ్చింది. ప్రార్థన నిషేధించే శాసనం వచ్చిన రోజున అతడు ఏం చేశాడో చూడు. యెరూషలేము తట్టు కిటికీలు తెరిచి ఉన్న గదిలో, అంతకుముందు చేస్తూ వచ్చిన ప్రకారమే ముమ్మారు మోకాళ్లూనాడు. చూపించడానికి కొత్తగా ఏదీ మొదలుపెట్టలేదు, భయపడి పాతదేదీ ఆపలేదు. నీ బల్ల మీది పటానికీ, భోజనం ముందు ప్రార్థనకూ నేను ఇచ్చే జవాబు ఇదే.

బిల్లుల విషయంలో, నువ్వు ఇవ్వవలసిన మొదటి కారణం మతం కాదు, సత్యం. ఈ తేదీ వాస్తవం కాదు కాబట్టి నేను సంతకం చేయలేను, ఈ ఖర్చును సక్రమంగా చూపే పద్ధతి ఇదిగో, అందుకు కావలసిన కాగితాలు నేను తయారుచేస్తాను అని చెప్పు. ఆఖరి రోజు వరకు ఆగకుండా, వారికి వేరే ఏర్పాటు చేసుకునే వ్యవధి ఉండగానే వెళ్లి చెప్పు. ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు, నలుగురిలో చెప్పి అధికారిని చిన్నబుచ్చకు. నీకెందుకింత పట్టుదల అని ఆయన అడిగితే, అప్పుడు నీ ప్రభువు పేరు చెప్పు. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సుంకరులు, అంటే పన్ను వసూలు చేసేవారు, వచ్చి మేమేమి చేయవలెనని అడిగినప్పుడు (లూకా 3), నిర్ణయింపబడినదాని కంటే ఎక్కువ తీసుకోవద్దని చెప్పాడే గాని ఆ పని మానేయమని చెప్పలేదు. లెక్కల పుస్తకం ముందు కూర్చున్న విశ్వాసి ఆ పుస్తకంలోనే విశ్వాసిగా ఉండాలి. దానివల్ల నష్టం రాదని నేను మాట ఇవ్వలేను. దానియేలు సింహాల గుహలో నుండి బయటికి వచ్చాడు, కానీ ముందు అందులో పడవేయబడ్డాడు.

చరిత్రాసక్త:

పెద్దాయన చెప్పినదానికి సరిపోయే జీవితం ఒకటి ఉంది. 18వ శతాబ్దపు ఉత్తర అమెరికాలో జాన్ వూల్మన్ అనే విశ్వాసి ఉండేవాడు, క్వేకరులు అనే క్రైస్తవ శాఖకు చెందినవాడు. యౌవనంలో అతడు పనిచేస్తున్న చోట యజమాని ఒక బానిస స్త్రీ అమ్మకపు పత్రం రాయమన్నాడు. అతడు వ్యాకులపడుతూనే రాశాడు గాని, బానిసలను ఉంచుకోవడం క్రైస్తవ మతానికి తగినది కాదని తాను నమ్ముతున్నట్టు యజమాని ఎదుట, కొనేవాని ఎదుట చెప్పాడు. తరువాత అలాంటి పత్రాలు రాయనని మర్యాదగా నిరాకరించసాగాడు. బానిసలున్న ఇళ్లలో బస చేసినప్పుడు, తనకు సేవ చేసిన బానిసలకు డబ్బు ముట్టేలా చూసేవాడు. ఎవరి ఇంటినీ దూషించకుండా, ఇంటింటికీ వెళ్లి మాట్లాడాడు. 1758లో క్వేకరుల ఫిలడెల్ఫియా వార్షిక సభ బానిసలను కొనే, అమ్మే సభ్యుల మీద చర్యకు పూనుకుంది. ఆయన 1772లో మరణించాడు. 1776లో అదే సభ, బానిసలను కలిగి ఉండడాన్నే సభ్యులకు నిషేధించింది. వూల్మన్ చేసినదంతా, తన కలం ఏమి రాయాలి, ఏమి రాయకూడదు అన్న ఒక సామాన్యుని నిర్ణయం నుండి మొదలైంది.

వాక్యధ్యాని:

డబ్బు ప్రస్తావన వచ్చింది కనుక మరొక వచనాన్ని జోడిస్తాను, నా దృష్టిలో ఈ చర్చ ముడి ఇక్కడే విడిపోతుంది. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం సంఘాలు సేకరించిన సొమ్మును పంపేటప్పుడు, పౌలు ఒక్కడే దాన్ని తీసుకెళ్లడానికి ఒప్పుకోలేదు. ఎవరూ తన మీద తప్పు మోపకుండా ఇతర సహోదరులను కూడా నియమించి, ప్రభువు దృష్టికి మాత్రమే గాక మనుష్యుల దృష్టికి కూడా యోగ్యమైనవాటిని గూర్చి శ్రద్ధ తీసుకుంటున్నామని రాశాడు (2 కొరింథీయులకు 8:20, 21). కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ఆజ్ఞ నా సొంత సొమ్ముతో నేను చేసే ధర్మానికి సంబంధించినది. ఇతరుల సొమ్ము నా చేతికి వచ్చినప్పుడు ఆ గోప్యత పనికిరాదు, ప్రతి పైసా అందరికీ కనబడాలి. నాకు పేరు తెచ్చేదాన్ని దాచాలి, ఇతరుల హక్కుకు సంబంధించినదాన్ని వెలుగులో పెట్టాలి. చాలా సంఘాలలో ఈ క్రమం తలకిందులైందని బాధతో చెబుతున్నాను: కానుక ఇచ్చినవారి పేర్లు వేదిక మీద చదువుతారు, ఆ కానుక ఎలా ఖర్చయిందో చదవరు.

చిన్నసంస్థయజమాని:

నేను ఇంతవరకు చదువుతూ మాత్రమే ఉన్నాను. తలుపుచాటు గారు రాసింది నావంటి వారి గురించే కనుక అడుగుతున్నాను. నేను ఒక చిన్న సంస్థను నడుపుతున్నాను. మా దగ్గర వారం ఆరంభంలో పని వేళలోనే ప్రార్థన జరుగుతుంది, నేనే నడిపిస్తాను, రావడం ఎవరికీ తప్పనిసరి కాదని మొదటే చెప్పాను. నా ఉద్దేశం మంచిదే. అది సరిపోతుందా, లేక ఇంకేమైనా మార్చాలా?

తలుపుచాటు:

అయ్యా, మీరు అడిగిన తీరుకు నా గౌరవం. తప్పనిసరి కాదని మీరు చెప్పారు, కానీ ఎవరు వచ్చారో ఎవరు రాలేదో మీ కళ్లకు కనబడుతూనే ఉంది, జీతం నిర్ణయించేది కూడా మీరే. అందువల్ల ఆ కూడికను పని వేళలకు బయట పెట్టండి, మరొకరిని నడిపించనివ్వండి, దాన్ని గురించిన కబురు మీ దగ్గరనుండి వెళ్లకుండా చూడండి, రానివారిని ఎప్పుడూ కారణం అడగకండి. మీరు వెళ్లదలిస్తే అందరితోపాటు వెనుక కూర్చోండి.

ఇద్దరుబిడ్డలతల్లి:

అయ్యగారూ, ప్రార్థన కూడిక కంటే ముందు జీతాల సంగతి చూడండి. కూలివాని కూలి మరునాటి వరకు నీ దగ్గర ఉంచుకోకూడదని లేవీయకాండము 19:13లో ఉంది. బిగపట్టిన కూలి మొరపెడుతోందని యాకోబు 5:4లో రాశాడు. జీతం ఆలస్యమైతే దాని భారం మీ పనివారి ఇళ్లలో ఎవరి మీద పడుతుందో నాకు తెలుసు.

చిన్నసంస్థయజమాని:

ఇద్దరికీ కృతజ్ఞతలు. కూడికను పని వేళల తరువాతకు మారుస్తాను, నడిపించే బాధ్యతను మరొకరికి అప్పగిస్తాను. మా దగ్గర జీతాలు సకాలంలోనే వెళ్తున్నాయి గాని, అదనపు గంటల లెక్కను విభాగాధిపతులు నోటిమాటగా చెబుతారు, దానికి పుస్తకం లేదు. ఇతరుల హక్కును వెలుగులో పెట్టాలన్న మాట చదివాక అదే నాకు తట్టింది. వచ్చే నెల నుండి ఎవరి గంటలు వారే రాసుకొని, నా సంతకంతో ఒక ప్రతి వారి దగ్గరే ఉంచుకునే ఏర్పాటు చేయాలనుకుంటున్నాను. గడిచిన నెలల గంటలకు ఏ లెక్కా లేదు కదా, వాటిని ఎలా తేల్చాలి?

లెక్కలమనిషి:

అయ్యా, అది నాకు తెలిసిన పనే కనుక చెబుతాను. హాజరు వేళలు, రాకపోకల నమోదు, ఆ నెలల్లో పూర్తయిన పనుల తేదీలు మీ దగ్గర ఉంటాయి. వాటిని బట్టి ప్రతి ఒక్కరికీ ఒక అంచనా వేసి, ముందు ఆ వ్యక్తికే చూపించి, అతని జ్ఞాపకంతో సరిపోల్చండి. తేడా వచ్చిన చోట అతని మాటనే తీసుకోండి. ఇతరునికి నష్టం కలిగించినవాడు అసలుకు అయిదవ వంతు కలిపి ఇవ్వాలని సంఖ్యాకాండము 5:7లో ఉంది, జక్కయ్య అనే సుంకరి నాలుగింతలు ఇస్తానన్నాడు. ఎంత కలపాలన్నది మీ మనస్సాక్షికే విడిచిపెడుతున్నాను. పట్టిక తయారుచేయడంలో సాయం కావాలంటే ఈ వేదిక ద్వారా నాకు విడిగా సందేశం పంపండి.